వైద్య పత్రాలు: మూడేళ్ల గడువు, 72 గంటల హక్కు

కడప జిల్లా కమలాపురం వంటి పట్టణాల్లో వయసు పైబడినవారి వైద్యం ఒక్క ఆసుపత్రితో ముగియదు. బీపీ, షుగరు మాత్రలు ఊళ్లోనే తీసుకుంటూ, కీళ్ల నొప్పులకు ప్రొద్దుటూరులోనూ, గుండె జబ్బుకు కడప రిమ్స్‌లోనో తిరుపతి స్విమ్స్‌లోనో, కాదంటే వేలూరు సీఎంసీలోనో చూపించుకోవడం ఇక్కడి కుటుంబాలకు మామూలే. ఇన్ని చోట్ల జరిగిన చికిత్సను ఒక వరుసలో చెప్పగలిగేవి రోగి దగ్గరున్న కాగితాలే. అవి తరచుగా బట్టల దుకాణం వారిచ్చిన సంచిలో, ఓపీ చీటీలూ రక్తపరీక్షల రిపోర్టులూ మందుల బిల్లులూ కలగలిసి పడి ఉంటాయి. ఈసీజీని చాలాచోట్ల వేడికి నల్లబడే పూత పూసిన కాగితంపై తీస్తారు కనుక, రాయలసీమ ఎండల్లో రేకుల కప్పు కింద అది త్వరగా వెలిసిపోతుంది. తీసిన రోజే దానికి జిరాక్సు తీయించుకోవాలి.

ఈ కాగితాలను ఆసుపత్రివారు దయతలచి ఇచ్చేవిగా భావించనక్కర లేదు. భారత వైద్య మండలి 2002లో జారీచేసిన వృత్తి నియమావళి ప్రకారం, ఆసుపత్రిలో చేరి వైద్యం పొందినవారి రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు భద్రపరచాలి. రోగి గానీ, రోగి తరఫున అధికారం పొందినవారు గానీ అడిగితే 72 గంటల్లో వాటిని అందించాలి. ప్రభుత్వాసుపత్రుల విషయంలో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే వృద్ధులకు అసలు ఇబ్బంది ఆ 3 ఏళ్ల గడువుతోనే: అరవై ఐదేళ్ల వయసులో గుండె రక్తనాళంలో వేసిన స్టెంటు గురించి డెబ్బై రెండో ఏట మరో డాక్టరు అడిగితే, ఆనాటి ఆసుపత్రిలో ఆ ఫైలు ఉండి తీరాలని ఈ నియమం చెప్పదు. అందువల్ల జబ్బేమిటో, ఏం చేశారో, ఇంటి దగ్గర ఏ మందులు వాడాలో తెలిపే డిశ్చార్జ్ సమ్మరీని, పరీక్షల రిపోర్టులను ఇంటికి బయలుదేరే రోజే అడిగి తీసుకోవడం మంచిది. ఆ తర్వాత అడగాల్సి వస్తే ఐపీ నంబరు, చేరిన తేదీ రాసిన అర్జీ ఇచ్చి, దాని నకలుపై ముద్ర వేయించుకోవాలి.

కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ విస్తరించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే ‘ఆభా’ అనేది 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్య. రికార్డులు ఆయా ఆసుపత్రుల్లోనే ఉంటూ, రోగి సమ్మతి ఇచ్చినప్పుడు మరో డాక్టరుకు కనిపించేలా ఈ ఏర్పాటు చేశారు. 70 ఏళ్లు నిండినవారికి 2024 అక్టోబరు నుంచి ఇస్తున్న వయోవందన కార్డు 5 లక్షల రూపాయల వరకు ఉచిత చికిత్సకు సంబంధించినది. రెండింటి పనీ వేరు.

కాగితం మీద ఆభా చక్కగానే ఉంది గానీ, కడప జిల్లా నుంచి కువైట్‌కు వెళ్లినవారి ఇళ్లలో తల్లిదండ్రుల ఆధార్‌కు కొడుకు ఫోను నంబరే ముడిపడి ఉంటే, ఆభా ఖాతా తెరవడానికి వచ్చే ఓటీపీ అక్కడికే పోతుంది. అప్పుడు సమ్మతి పేరుకు తల్లిది, మీట నొక్కేది కొడుకు. వేలిముద్రతో ఖాతా తెరిచే వీలున్నా, సేద్యంలో అరిగిన వేళ్లను యంత్రం ఒక్కోసారి గుర్తుపట్టదు కనుక, ఇంట్లో రోజూ దగ్గరుండే ఫోను నంబరునే ఆధార్ కేంద్రంలో నమోదు చేయించుకోవడం వారికి ముందు చేసుకోవలసిన పని.