టాపెట్ మోగితే భయం లేదు... మూగబోతేనే బండి పెట్రోలు తాగుతుంది!

తెల్లవారుజామున అయిదింటికి పాల క్యాన్లు కట్టుకుని బయలుదేరదామంటే బండి లేవదు. పది కిక్కులు, పదిహేను కిక్కులు. చివరకు ఇద్దరు తోస్తే గాని ఇంజను అందుకోదు. అదే బండి మధ్యాహ్నం ఎండలో ఒక్క కిక్కుకే పలుకుతుంది. పాత బుల్లెట్ ఉన్న ఇళ్ళలో ఈ తంతు కొత్తదేం కాదు. "బండి పాతబడిందండీ, అమ్మేయండి" అని సలహా ఇచ్చేవారే ఎక్కువ. అమ్మేముందు ఒక్కసారి టాపెట్లు చూడండి.

ఈ విలేకరికి ఆ పాఠం సొంత ఖర్చుతో వచ్చింది. బుల్లెట్ టకటక మోగుతోందని ఒకసారి దారిలో కనిపించిన షెడ్డు ముందు ఆపాను. ఇరవై మైళ్ళు నడిచి వచ్చిన ఇంజను, చెయ్యి పెడితే కాలుతోంది. అక్కడి కుర్రాడు పది నిమిషాల్లో రెండు టాపెట్లు బిగించేశాడు. బండి కుట్టుమిషను కన్నా మెత్తగా నడిచింది. ఎంత మంచి పనిమంతుడని ఊరంతా చెప్పాను కూడా. మర్నాటి పొద్దున్న నుంచి మొదలైంది కిక్కుల బాధ. తర్వాత పెట్రోలు ఎక్కువైంది. ఆ తర్వాత సైలెన్సర్లో పటపటమని పేలుళ్ళు. చివరకు హెడ్డు విప్పిస్తే ఎగ్జాస్టు వాల్వు అంచు ఒక పక్క కాలి తినేసి ఉంది.

తప్పు బిగించడంలో లేదు, వేడి మీద బిగించడంలో ఉంది.

ఎందుకో చెప్పుకోవాలి. ఇంజను లోపలికి పెట్రోలు గాలిని రానిచ్చే తలుపు ఒకటి, కాలిన పొగను బయటకు పంపే తలుపు ఒకటి. ఇవే వాల్వులు. కింద క్యామ్ తిరుగుతుంటే టాపెట్లు, వాటి మీది పొడుగాటి పుష్‌రాడ్లు పైకి లేచి వాల్వులను తెరుస్తాయి. పని అయ్యాక తలుపు సందు లేకుండా మూసుకోవాలి. ఇంజను వేడెక్కితే బోరు, హెడ్డు వ్యాకోచించి పొడుగవుతాయి. రాడ్డు దగ్గర కాస్త సందు పెరుగుతుంది. అప్పుడు ఆ సందు పూడ్చేశామా, రాత్రి ఇంజను చల్లారి బోరు కుదించుకున్నాక రాడ్డుకు చోటు చాలదు. వాల్వును కొద్దిగా ఎత్తి పట్టుకునే ఉంటుంది. తలుపు ఓరగా ఉన్న గాదెలో ధాన్యం నిలుస్తుందా? ఇంజనులో ఒత్తిడీ అంతే. కిక్కు తేలిగ్గా దిగిపోతుంది గాని బండి లేవదు.

వాల్వు చల్లబడేది మూసుకున్నప్పుడే, దాని సీటును ఆనుకుని తన వేడిని హెడ్డుకు ఇచ్చుకుంటుంది. ఆనకపోతే మంట ఆ సన్నని సందులోంచి దూసుకుపోయి అంచును కాల్చేస్తుంది. టాపెట్ వదులైతే చప్పుడు చేసి చెబుతుంది. బిగుసుకుంటే నోరెత్తదు. రెండింటిలో ప్రమాదం రెండోదే.

ఎవరూ ముట్టుకోకపోయినా టాపెట్ బిగుసుకోవచ్చు. నడిచే కొద్దీ వాల్వు తన సీటులోకి అరుగుతూ దిగుతుంది. దాని కాడ పైకి జరిగి సందు మింగేస్తుంది. పూర్వం పెట్రోలులో కలిపే సీసం ఈ సీట్లకు కొంత కాపుగా ఉండేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. ఊపిరితిత్తులకు మేలే జరిగింది, కాని అంతకు ముందు తయారైన ఇంజన్లను ఏడాదికి ఒకటి రెండుసార్లు చూసుకోవడం అవసరమైంది.

ఏ బండ్లకు?

ఇక్కడ చెబుతున్నది పాత పోత ఇనుప బోరు బుల్లెట్ 350 గురించి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడినప్పటి నుంచి 2010 ప్రాంతం దాకా పెద్ద మార్పు లేకుండా వచ్చిన 346 సి.సి. ఇంజను అది. ఆ తర్వాత కొన్నేళ్ళు వచ్చిన వాటిలో హైడ్రాలిక్ టాపెట్లు ఉన్నాయి, వాటిని సరిచేసే పని లేదు. రాజ్‌దూత్, యెజ్డీ వంటి పాత టూ స్ట్రోక్ బండ్లకు వాల్వులే లేవు, ఆ యజమానులు ఈ బాధ నుంచి పుట్టుకతోనే బయటపడ్డారు. వంద సి.సి. ఫోర్ స్ట్రోక్ బండ్లకు కొలత వేరు. కంపెనీ పుస్తకంలో చెప్పిన సందును ఫీలర్ గేజితో పెట్టించాలి.

బుల్లెట్‌కు గేజి అక్కర్లేదు, వేళ్ళు చాలు. రాత్రంతా చల్లారిన బండిని పొద్దున్నే సెంటర్ స్టాండు వేసి, ప్లగ్గు విప్పి, టాప్ గేరులో వెనుక చక్రాన్ని చేత్తో మెల్లగా ముందుకు తిప్పండి. ప్లగ్గు రంధ్రం మీద ఇంకొకరు వేలు పెట్టాలి. గాలి వేలిని తన్నుతుంది. ఆ తన్ను ఆగిన చోట పిస్టన్ పైకి వచ్చినట్టు, రెండు వాల్వులూ మూసుకున్నట్టు. కుడి పక్కన బోరు అడుగున ఒకే నట్టుతో ఉన్న చిన్న మూత విప్పితే రెండు రాడ్లు కనిపిస్తాయి.

రాడ్డును రెండు వేళ్ళతో తిప్పితే గిర్రున తిరగాలి. పైకీ కిందికీ ఆడకూడదు. అంతే కొలత. తిరగకపోతే బిగువు, ఆడితే వదులు. రాడ్డు అడుగున పానా పట్టే చోట్లు మూడు ఉంటాయి. మధ్యది లాక్ నట్టు. దాన్ని వదులు చేసి సరిచేసి, మళ్ళీ బిగించాలి. పలచని పానాలు కావాలి, మామూలువి ఆ సందులో దూరవు. లాక్ నట్టు బిగించేటప్పుడు పెట్టిన కొలత కాస్తా జరిగిపోవడం మామూలే. అందుకే బిగించాక మళ్ళీ తిప్పి చూడాలి, పూర్తిగా ఒక చుట్టు. ఒకచోట తిరిగి ఒకచోట పట్టేస్తే రాడ్డు వంగిందేమో అనుమానించాలి. చేతివాటం లేనివారు మెకానిక్‌కే ఇవ్వండి, కాని బండిని ముందురోజు సాయంత్రమే అక్కడ వదిలిరండి.

డీకంప్రెషన్ లీవరు కేబులును కూడా చూడాలి. అది బిగుతుగా ఉంటే టాపెట్ ఎంత బాగా పెట్టినా ఎగ్జాస్టు వాల్వు తెరుచుకునే ఉంటుంది. లీవరు దగ్గర కాస్త వదులు ఉండి తీరాలి.

దొంగలు ఇంకా ఉన్నారు

పెట్రోలు తాగేది టాపెట్ ఒక్కటే కాదు. మట్టి రోడ్ల మీద తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోతుంది. ప్లాటినం పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. వెనుక బ్రేకు పట్టి ఉందేమో స్టాండు మీద చక్రం తిప్పి చూడండి. టైర్లలో గాలి వారానికోసారి. ప్లగ్గు కాఫీపొడి రంగులో ఉంటే కార్బొరేటర్ జోలికి పోవద్దు. నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లబడితే తక్కువ. ఆదా అవుతుందని జెట్టు చిన్నది వేయించేవారున్నారు. పెట్రోలు చాలక ఇంజను మరింత వేడెక్కి మళ్ళీ ఆ వాల్వే కాలుతుంది.

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. దానిలో శక్తి పెట్రోలు కన్నా తక్కువ కాబట్టి మైలేజీ నూటికి ఆరేడు పాళ్ళు తగ్గితే బండిని తిట్టవద్దు. పాత రబ్బరు గొట్టాలు, కార్బొరేటర్ వాషర్లు మెత్తబడి కారుతున్నాయేమో మాత్రం చూసుకోండి.

లెక్క తేలాలంటే ట్యాంకు నిండుగా పోయించి, మీటరు రాసుకుని, నూటయాభై కిలోమీటర్లు నడిపి మళ్ళీ నిండుగా పోయించండి. పట్టిన లీటర్లతో భాగించండి. లీటరుకు 35 ఇవ్వాల్సిన బండి 25 ఇస్తుంటే, నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవారికి పదకొండు లీటర్ల పైన వృథా. లీటరు వంద దాటిన ఈ రోజుల్లో అది పదకొండు వందల పైమాటే. రెండు పలచని పానాలకు అంత కాదు.