క్లచ్ అంటుకోని ఏసీ

వరంగల్‌లో ఎండ 40 డిగ్రీలు దాటాక పాత కారు ఏసీ మొరాయిస్తే చాలామంది ముందు గ్యాస్ నింపించేస్తారు. లోపం వైరింగులో ఉంటే ఆ డబ్బు దండగే.

ఇంజన్ నడుస్తుండగా ఏసీ స్విచ్ వేస్తే కంప్రెసర్ దగ్గర ‘టక్’మనాలి. అది అయస్కాంత క్లచ్ అంటుకున్న శబ్దం. అది వినిపించకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే చూడాలి. ఫ్యూజు పదేపదే కాలుతోందంటే ఎక్కడో వైరు బాడీకి తగులుతోందని అర్థం. ఎలుక కొరికిందైనా కావచ్చు. పెద్ద ఫ్యూజు వేస్తే మంటలకు దారితీస్తుంది.

మల్టీమీటరు ఉంటే పని తేలిక. క్లచ్ వైరుకు 12 వోల్టులకు పైగా అందుతున్నా క్లచ్ కదలకపోతే కాయిల్‌నో ఎర్త్‌నో అనుమానించాలి. మంచి కాయిల్ నిరోధం సాధారణంగా 3–5 ఓమ్‌లు. వోల్టేజీయే రాకపోతే ప్రెషర్ స్విచ్ చూడాలి. గ్యాస్ తగ్గినప్పుడు కరెంటు ఆపేది అదే. దాన్ని వైరు ముక్కతో కలిపేసి బండి నడిపితే ఆయిల్ సరిగా అందక కంప్రెసర్ పట్టేస్తుంది.

పొద్దున పనిచేసి, అరగంటకు ఆగిపోయే ఏసీది వేరే కథ. వేడికి కాయిల్ నిరోధం పెరిగి అయస్కాంతం బలహీనపడుతుంది. క్లచ్ ప్లేటు అరిగి సందు పెరిగి ఉంటే ఇక లాగలేదు. ఆ సందు అర మిల్లీమీటరు దరిదాపుల్లో ఉండాలి. చాలా క్లచ్‌లలో లోపలి సన్నని వాషరు ఒకటి తీస్తే సరిపోతుంది, కొత్త కంప్రెసర్ అక్కర్లేదు.

హైదరాబాద్ రోడ్డుమీద చల్లగా ఉండి, హనుమకొండ చౌరస్తా రద్దీలో వేడిగాలి కొడితే కండెన్సర్ ఫ్యాను తిరుగుతోందో లేదో చూడాలి. బ్లోయరు చివరి స్పీడులో మాత్రమే తిరుగుతుంటే చాలావరకు రెసిస్టరు కాలినట్టే.