తీగ తెగింది... తగువు తీరింది!

సాయంత్రం ఏడు గంటలు. హాల్లో పెద్ద టీవీకి కంప్యూటర్ తగిలించి ఉంది. మా వాడు దివాన్ మీద చేరగిలబడి, కీబోర్డు ఒళ్ళో పెట్టుకున్నాడు. దాని తీగేమో గదికి అడ్డంగా, బట్టలారేసుకునే తాడులా! దీపం పెట్టి వస్తున్న అత్తయ్యగారి కాలికి అది తగలనే తగిలింది. సోఫా ఆసరా దొరికింది కాబట్టి సరిపోయింది. లేకపోతే... డెబ్భై దాటిన మనిషికి తుంటి ఎముక విరిగితే మాటలా?

ఆ మర్నాడే తీగ లేని కీబోర్డు, మౌస్ వచ్చాయి మా ఇంటికి. మీరూ కొనాలనుకుంటున్నారా? అయితే మేం వాడాక తెలుసుకున్న ఈ సంగతులు చదవండి.

ఏ రకం మేలు?

తీగ లేని కీబోర్డు నిన్న మొన్నటిదేం కాదు. 1984లో అమ్మకానికి వచ్చిన ఐబీఎం పీసీ జూనియర్ కంప్యూటర్‌కే ఉండేది. అది టీవీ రిమోట్‌లా పరారుణ కిరణాలతో పనిచేసేది. మధ్యలో ఎవరైనా అడ్డొస్తే అంతే సంగతులు! ఇప్పటివి చాలావరకు రేడియో తరంగాలతో నడుస్తాయి. వీటిలో రెండు రకాలున్నాయి. ఒకదానికి గోరంత రిసీవర్ ఇస్తారు, దాన్ని కంప్యూటర్‌కి గుచ్చితే చాలు. రెండోది బ్లూటూత్. దీనికి రిసీవర్ అక్కర్లేదు గానీ కంప్యూటర్‌లో బ్లూటూత్ ఉండాలి. కొత్తగా వాడేవాళ్ళకి మొదటి రకమే సుళువు. అయితే రిసీవర్ పోతే మాత్రం చాలా రకాల్లో కీబోర్డు కూడా మూలపడ్డట్టే. జాగ్రత్త!

అక్షరాలు మింగేస్తోందా?

'అమ్మా' అని కొడితే 'అమ' అని పడుతోందా? కీబోర్డు పాడైందని కంగారు పడకండి. ఈ రిసీవర్లు సాధారణంగా 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద నడుస్తాయి. ఇంట్లో వైఫై, వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ కూడా దాదాపు అక్కడే ఉంటాయి. దానికి తోడు కంప్యూటర్‌కి ఉండే యూఎస్‌బీ 3 పోర్టుల నుంచి కూడా ఈ తరంగాలకు అడ్డు తగులుతుందని ఇంటెల్ సంస్థ 2012లోనే వివరించింది. పైగా రిసీవర్ టీవీ వెనకాల దాక్కుంటే మరీ కష్టం. చిన్న యూఎస్‌బీ పొడిగింపు తీగ కొని, రిసీవర్‌ని టీవీ ముందుకి తెచ్చి పెట్టండి. చాలాసార్లు ఇంతటితోనే దారికొస్తుంది.

మౌస్ గాజు బల్ల మీద గెంతుతుంటే కింద ఓ పాత నోటుపుస్తకం పెట్టండి. ఒళ్ళో పెట్టుకుని రాయాలంటే టీ ట్రే భేషుగ్గా పనికొస్తుంది. దూరానికి అక్షరాలు ఆనడం లేదా? ఇంటర్నెట్ చూసేటప్పుడు కంట్రోల్ మీట నొక్కి ఉంచి, ప్లస్ గుర్తున్న మీట నొక్కుతూ పోతే పెద్దవవుతాయి.

పసిపిల్లలున్నారా?

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. చాలా కీబోర్డులు, మౌస్‌లలో మామూలు పెన్సిల్ సెల్లులే ఉంటాయి. కానీ కొన్ని చిన్న కీబోర్డుల్లో, రిమోట్లలో రూపాయి బిళ్ళలాంటి లిథియం సెల్ వేస్తారు. పాకే పిల్లలు దాన్ని మింగితే అది అన్నవాహికలో ఇరుక్కోవచ్చు. అక్కడి తడికి విద్యుత్తు పారి, రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోయే ప్రమాదం ఉంది. వాడేసిన సెల్ అయినా ఇంతే. మింగారేమోనన్న అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా, 'అదే బయటికొస్తుందిలే' అని ఊరుకోకుండా, వెంటనే ఎక్స్‌రే సౌకర్యమున్న ఆసుపత్రికి పరుగెత్తండి. కొనేటప్పుడే పెన్సిల్ సెల్లులు వేసేది, లేదా ఛార్జి చేసుకునేది ఎంచుకోండి. బిళ్ళ సెల్ తప్పనిసరైతే, మూతకి స్క్రూ ఉండేది తీసుకోండి.

బ్యాంకు పని ఉంటే...

2016లో కొన్ని కంపెనీల రిసీవర్లలో ఓ లోపం బయటపడింది. బయటి వ్యక్తి కాస్త దూరం నుంచే మన కంప్యూటర్‌లో మీటలు నొక్కినట్టు చెయ్యగలడట! తర్వాత కొన్ని కంపెనీలు దిద్దుబాట్లు ఇచ్చాయి. అందుకే మరీ పాతవి చవగ్గా వస్తున్నాయని కొనకండి. డబ్బు లావాదేవీలకి తీగ ఉన్న కీబోర్డు ఒకటి అట్టేపెట్టుకుంటే నిశ్చింత.

ఇక మా ఇంటి సంగతంటారా? ఇన్నాళ్ళూ కంప్యూటర్ ముందున్న కుర్చీ ఎవరిదైతే కీబోర్డు వారిదే. నా వంతు వచ్చేసరికి నిద్ర ముంచుకొచ్చేది. ఇప్పుడది చేతులు మారుతోంది. మొన్న రాత్రి అంట్లు తోమి వచ్చి కూర్చున్నానో లేదో, అత్తయ్యగారు చెయ్యి చాపారు. "ఇలా తే అమ్మాయ్! పై ఊళ్ళో ఉన్న మనవరాలికి రెండు ముక్కలు నేనే రాస్తా" అన్నారు.

తెలుగు అక్షరాలు వెతుక్కుంటూ రెండు వాక్యాలకి అరగంట పట్టింది. అయితేనేం! ఆ ట్రే మళ్ళీ నా చేతికి రావడానికి మరో గంట పట్టింది.