వాక్యమూ – కల్పనా

పశ్చిమ గోదావరి జిల్లాలోని పెనుగొండ పేరు చెప్పగానే ఆంధ్రులకు మొట్టమొదట స్ఫురించేది వాసవీ కన్యకాపరమేశ్వరి కథ. కథను ఆధారం చేసుకొని బ్రతికే ఊరిలో పుట్టినవారికి ఒక విషయం ఎవరూ నేర్పనక్కరలేదు. నోటినుండి నోటికి సాగే కథ ఎంతో కొంత పెరుగుతుంది. చెప్పేవాని భక్తీ, వినేవాని ఆసక్తీ దానికి కొమ్మలూ రెమ్మలూ తొడుగుతాయి. ఐతే ఆ పెరిగినది మూలగ్రంథానికి అనుకూలమా, ప్రతికూలమా అన్న ప్రశ్న ఒక్క మతానికి చెందినది కాదు. ఈ డెల్టాసీమలోని క్రైస్తవులలోనూ ఆ ప్రశ్న చాలా కాలంగా ఉన్నది.

డిసెంబరు నెల రాగానే ఈ ప్రాంతపు గ్రామాలలో పిల్లలు క్రిస్మస్ నాటకం ప్రదర్శించడం పరిపాటి. కాగితపు కిరీటాలు ధరించి ముగ్గురు జ్ఞానులు వస్తారు. నిండు చూలాలిని వెంటబెట్టుకొని వచ్చిన యోసేపును సత్రం యజమాని కసిరికొట్టి తలుపు మూస్తాడు. పశువుల తొట్టి దగ్గర ఒక ఎద్దూ, ఒక గాడిదా నిలబడతాయి. ఇక గ్రంథం తెరిచి చూస్తే మత్తయి సువార్తలో జ్ఞానులు ఎందరో చెప్పలేదు; కానుకలు మూడు గనుక వారూ ముగ్గురే అని లోకం నిర్ణయించుకొన్నది. లూకా సువార్తలో సత్రంలో స్థలం లేదన్న మాట ఉన్నదే గాని, యజమాని అనే పాత్ర లేదు. ఎద్దూ గాడిదా ఆ ఘట్టంలో ఎక్కడా కానరావు. ఇన్ని చేర్పులున్నా ఈ నాటకాన్ని ఆక్షేపించేవారు అరుదు. అదే ఒక నవల గాని, చలనచిత్రం గాని క్రీస్తు కథకు ఏదైనా చేర్చినదంటే వివాదం చెలరేగుతుంది. నిరపాయమైన కల్పన ఎక్కడ ముగుస్తుంది? అపాయకరమైనది ఎక్కడ మొదలవుతుంది?

ఈ ప్రశ్నకు గోదావరీ తీరంలో ప్రత్యేకమైన బరువున్నది. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఆంగ్ల మిషనరీలు ఇండియాకు వచ్చి, తరువాత నరసాపురం కేంద్రంగా పనిచేశారు. వారి సహవాసానికి గోదావరి డెల్టా మిషన్ అన్న పేరు స్థిరపడినది. 1845లో రాజమహేంద్రవరంలో లూథరన్ మిషన్ ఆరంభమయినది. ఉభయులూ విశ్వాసానికి లేఖనమే ప్రమాణమని బోధించినవారు. వారి పరంపరలో పెరిగినవారు ఏ మాట విన్నా “ఇది వాక్యంలో ఉన్నదా?” అని అడగడం సహజమే.

కల్పనను నిరాకరించేవారి వాదం తేలికగా త్రోసివేయదగినది కాదు. వ్యర్థమైన కల్పనాకథలను విసర్జించమని పౌలు తిమోతికి రాసిన లేఖలలో హెచ్చరించాడు. తాము చెప్పేది చమత్కారంగా అల్లిన కథ కాదనీ, కన్నులార చూచిన విషయమనీ పేతురు రెండవ పత్రిక నొక్కి చెబుతున్నది. గ్రంథానికి ఏమీ కలపరాదన్న ఆజ్ఞతో ప్రకటన గ్రంథం ముగింపునకు వస్తుంది. దైవం మౌనం వహించిన చోట మనుష్యుడు మాటలు కల్పించడం సాహసమే కదా అని వీరి ఆవేదన.

రెండవ పక్షంవారికీ లేఖనమే ఆధారం. దావీదు రాజు చేసిన పాపాన్ని నాతాను ప్రవక్త సూటిగా ఖండించలేదు. ఒక పేదవాడు ముద్దుగా పెంచుకొన్న ఆడు గొర్రెపిల్లను ధనికుడొకడు అపహరించిన కథ చెప్పాడు. రాజు ఆ ధనికునిపై మండిపడిన తరువాతనే ఆ ధనికుడు నీవేనని వెల్లడించాడు. కథ లేకపోతే రాజు కన్ను తెరిచేదా? న్యాయాధిపతుల గ్రంథంలో యోతాము చెట్లకు మాటలు నేర్పి రాజనీతి బోధించాడు. క్రీస్తు చెప్పిన తప్పిపోయిన కుమారుడు గాని, దయగల సమరయుడు గాని చరిత్రపురుషులు కారు, ఉపమానపాత్రలు. పౌలు సైతం ఏథెన్సులో గ్రీకు కవుల మాటను స్మరించాడు. కనుక కల్పించడమే దోషమైతే ఈ దోషం మహాబోధకులందరికీ అంటుకొంటుంది.

ఈ తర్జనభర్జన జాన్ బన్యన్‌కు స్వయంగా ఎదురయినది. అనుమతి లేకుండా బోధించినందుకు బెడ్‌ఫర్డ్ చెరసాలలో సుమారు పన్నెండేళ్ళు గడిపిన ఆయన 1678లో తన యాత్రికుని కథ ప్రకటించాడు. పద్యరూపంలో ఉన్న దాని పీఠికలో, మిత్రులు కొందరు అచ్చువేయమన్నారనీ, కొందరు వద్దన్నారనీ ఆయనే చెప్పుకొన్నాడు. ప్రవక్తలూ, క్రీస్తూ ఉపమానాలను వాడలేదా అన్నది ఆయన సమాధానం. ‘యాత్రికుని ప్రయాణము’ అన్న పేరుతో ఆ గ్రంథం తెలుగు క్రైస్తవుల ఇండ్లలోనూ ఆదరణ పొందినది. వద్దన్న మిత్రుల మాటను కాలం మన్నించలేదు.

ఇక్కడ మన అలంకారశాస్త్రం ఒక వెలుగు చూపుతుంది. దశరూపకకర్త ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు విధాలుగా విభజించినాడు. పురాణేతిహాసాలనుండి గ్రహించినది ప్రఖ్యాతం. కవి స్వయంగా కల్పించినది ఉత్పాద్యం. రెండూ కలిసినది మిశ్రం. బన్యన్ కథ ఉత్పాద్యం. క్రిస్టియన్ అనే యాత్రికుడు సువార్తలలోని మనిషి అని ఎవరూ భ్రమపడరు. చిక్కంతా మిశ్రంలోనే పుడుతున్నది. పాలేవో నీళ్ళేవో చదువరికి తెలియకపోవడమే ఆ చిక్కు.

మిశ్రంలోనూ మర్యాద పాటించినవారున్నారు. అమెరికా సేనాని లూ వాలెస్ 1880లో రచించిన ‘బెన్ హర్’ నవలలో నాయకుడు కేవలం కల్పితుడు. క్రీస్తు మాత్రం సువార్తలలో ఉన్న మాటలే పలకాలని గ్రంథకర్త నియమం పెట్టుకొన్నాడు. 1959 నాటి ‘బెన్ హర్’ చిత్రం క్రీస్తు ముఖాన్ని ఒక్కసారైనా చూపలేదు. తెలుగువారు వేరొక మార్గం త్రొక్కారు. 1978లో భీంసింగ్ దర్శకత్వంలో వచ్చిన ‘కరుణామయుడు’లో విజయచందర్ క్రీస్తుగా తెరమీద సాక్షాత్కరించాడు. లేఖనం వర్ణించని ముఖానికి ఎందరో ప్రేక్షకుల మనస్సులో ఒక నటుని ముఖం స్థిరపడిపోయినది. 1980లో నరసాపురంలో పుట్టిన బాపు ‘రాజాధిరాజు’ చిత్రంలో సాతానును నేటి లోకంలోనికి దింపి నూతన్ ప్రసాద్ చేత ఆడించాడు. గుఱ్ఱం జాషువ ‘క్రీస్తు చరిత్ర’ను పద్యకావ్యంగా నిర్మించి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకొన్నాడు. క్రైస్తవుడై ఉండి పురాణేతివృత్తాలను చేపట్టినందుకు స్వమతస్థుల నిరసనను చవిచూచిన కవి ఆయనే అన్నది గమనింపదగిన విషయం.

మర్యాద తప్పిన కల్పన ఏమి చేయగలదో మగ్దలేనే మరియ కథ చెబుతుంది. ఆమెను ఏడు దయ్యాలు విడిచిపోయినవని మాత్రమే లూకా రాశాడు. అంతకు ముందటి అధ్యాయంలో పేరులేని పాపాత్మురాలైన స్త్రీ ఒకతె ఉన్నది. 591లో మహా గ్రెగొరీ పోపు తన ప్రసంగంలో ఈ ఇద్దరినీ ఒకరిగా భావించినాడు. అది మొదలు చిత్రకారులూ, కథకులూ ఆమెను పతితగానే చూపించారు. పునరుత్థానాన్ని మొదట చూచినదని యోహాను చెప్పిన ఆ సాధ్వి మీద పడిన ఈ మచ్చను రోమను సంఘం తన పండుగల పట్టికనుండి తొలగించడానికి 1969వ సంవత్సరం రావలసి వచ్చినది. పదమూడు శతాబ్దాల అపవాదుకు మూలం దురుద్దేశం కాదు, ఒక పొరపాటు జోడింపు!

ఆమెనే క్రీస్తు భార్యగా కల్పించిన ‘డావిన్సీ కోడ్’ నవల 2003లో వెలువడినది. దాని ఆరంభంలోనే ఇందులోని కళాఖండాల, పత్రాల వర్ణనలు యథార్థమన్న ప్రకటన ఒకటి ఉన్నది. పురాతనమని ఆ గ్రంథం చెప్పే రహస్యసంఘం నిజానికి 1956లో ఫ్రాన్సులో పుట్టినది. నవల కల్పన చేసినందుకు కాదు, కల్పనకు సత్యమన్న ముద్ర వేసినందుకు తప్పుపట్టవలసి ఉన్నది. 2006 జూన్ నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ చిత్రాన్ని నిషేధించినది. అదే నెలలో ఉన్నత న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టివేసినది. సెన్సారు బోర్డు అనుమతించిన చిత్రాన్ని ప్రభుత్వం ఆపివేస్తే తెర ఖాళీ అవుతుంది గాని, ప్రేక్షకుని మనస్సులోని సందేహం తీరదు. దానిని తీర్చవలసినది బోధకుడే.

హద్దు తెలిసినంత మాత్రాన సమస్య సమసిపోతుందా అని కొందరు ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. 2007లో వచ్చిన ‘ది షాక్’ అనే నవల పూర్తిగా ఉత్పాద్యం. అందులో తండ్రియైన దేవుడు నల్లజాతి స్త్రీ రూపంలో కనిపిస్తాడు. త్రిత్వ సిద్ధాంతానికి ఇది భంగకరమని పలువురు వేదాంతులు ఆక్షేపించారు. తల్లి ఓదార్చినట్లు ఓదారుస్తానన్న దేవుని మాట యెషయా గ్రంథంలో లేదా అని అభిమానులు ఎదురు ప్రశ్న వేశారు. కల్పన అని తెలిసి చదివినా అది మన భావనను మలుస్తుంది. కాబట్టి హద్దు తెలియడం తొలి మెట్టు మాత్రమే. మూలంతో సరిచూచుకోవడం రెండవది.

ఈ రెండు మెట్లూ తెలుగువారికి కొత్తవి కావు. రంగనాథ రామాయణంలో ఉడుత భక్తి ఉన్నది, వాల్మీకంలో లేదు. మన స్త్రీలు తరతరాలుగా పాడుకొన్న ఊర్మిళాదేవి నిద్రకూ వాల్మీకి బాధ్యుడు కాడు. మన పండితులు వీటిని కాల్చివేయలేదు. ఆదికవి మాటలుగా చెలామణి కానీయనూ లేదు. అవాల్మీకాలు అని ఒక పేరు పెట్టి, పాడుకొనేవారిని పాడుకోనిచ్చారు. ఒక్క పదంతో భక్తీ నిలిచినది, పాండిత్యమూ నిలిచినది. క్రైస్తవ సంఘాలకు నేడు కావలసినది అటువంటి పదమే. నిషేధమూ కాదు, నిర్లక్ష్యమూ కాదు.

పిల్లలచేత క్రిస్మస్ నాటకం ఆడించే ఉపాధ్యాయుడు చేయవలసిన పని చాలా చిన్నది. అభ్యాసానికి ముందు లూకా రెండవ అధ్యాయం, మత్తయి రెండవ అధ్యాయం చదివించాలి. సత్రం యజమాని వేషం ధరించే బాలుని దగ్గరకు పిలిచి, “నాయనా, నీ పాత్ర సువార్తలో లేదు, మనం చేర్చుకొన్నాము. ఎందుకు చేర్చుకొన్నామో ఆలోచించు” అని చెప్పాలి. వాకిట నిలిచిన బీదవారిని చూచి తలుపు మూయడం ఎలా ఉంటుందో ఆ బాలుడు ఆ రాత్రి వేదికమీద గ్రహిస్తాడు. తెల్లవారి గ్రంథం తెరిచినపుడు ఆ యజమాని అక్కడ కనబడకపోయినా కలవరపడడు.