దిగులు వేరు, డిప్రెషన్ వేరు

మన చోడవరం నుంచి పదో తరగతి పూర్తిచేసిన పిల్లల్లో కొందరు ఇంటర్‌కో, కోచింగ్‌కో విశాఖ హాస్టళ్లకు వెళుతున్నారు. దాతల సాయంతో ఫీజులు కడుతున్నాం, అల్‌హమ్‌దులిల్లాహ్. కానీ ఆ హాస్టల్ గదిలో పిల్లలు ఎలా ఉన్నారన్నది మనం అడగడం తక్కువ. పండక్కి ఇంటికొస్తే ముందు మార్కులే అడుగుతాం.

2023 జూలైలో విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని హాస్టల్లో ఉండగా మనకు దక్కకుండా పోయింది. ఆమె తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జూలై 25న కోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. దాంతోపాటు దేశంలోని విద్యాసంస్థలకు మార్గదర్శకాలూ ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు అందరికీ కనబడేలా రాయాలి. పిల్లల్ని చేర్పించేటప్పుడు మెస్ ఎలా ఉందని అడిగే మనం, కౌన్సెలర్ ఉన్నారా అని కూడా అడగాలి. అడిగే హక్కు మనకుంది.

పరీక్ష పోతే దిగులు సహజం, నాలుగు రోజుల్లో తగ్గుతుంది. డిప్రెషన్ అలా కాదు. రెండు వారాలకు పైగా, దాదాపు రోజంతా మనసు కుంగి ఉంటుంది. ఇష్టమైన క్రికెట్ మీద కూడా ఆసక్తి పోతుంది. నిద్ర, ఆకలి తప్పుతాయి. పేజీ తిప్పినా బుర్రకెక్కదు. "నేనెందుకూ పనికిరాను" అనే మాట వస్తుంది. మగపిల్లల్లో ఇది ఒక్కోసారి చిరాకుగా, కోపంగా బయటపడుతుంది. మనం దాన్ని పొగరనుకుంటాం.

కొందరు పెద్దలు దీన్ని ఈమాన్ తగ్గడమంటారు, కొందరు గాలి సోకిందంటారు. మాకు ఈ రెండూ సమ్మతం కావు. వెయ్యేళ్లకు పూర్వమే అబూ జైద్ అల్ బల్ఖీ అనే ముస్లిం పండితుడు, కారణం తెలిసిన దుఃఖాన్ని, కారణం తెలియని దుఃఖాన్ని వేరుచేసి, మనసుకూ శరీరానికిలాగే వైద్యం కావాలని రాశారు. నమాజు, దువా ఉండాల్సిందే. షుగరుకు దువాతోపాటు మాత్ర వేసుకుంటున్నాం కదా!

పిల్లవాడు చెబుతుంటే మధ్యలో నీతులు చెప్పకుండా వినాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న భారం దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. 2022 అక్టోబరులో ప్రారంభమైన ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. కాస్త నయమవగానే సొంతంగా ఆపేయకూడదు.

ఆడపిల్ల విషయంలో "పెళ్లి సంబంధాలు పోతాయి" అని దాచిపెట్టడం మా బడి అనుభవంలో ఎక్కువగా చూశాం. ఆ ఇళ్లకు గుట్టుగా సాయం అందాలి. అందుకే దాతలను ఒకటి కోరుతున్నాం. వచ్చే ఏడాది ఇచ్చే సదఖాలో కొంత భాగాన్ని వైద్యం కోసం విశాఖ వెళ్లే పిల్లల బస్సు చార్జీలకు, మందులకు కేటాయించండి. లబ్ధిదారుల పేర్లు సావనీరులో అచ్చువేయవద్దని కమిటీకి మీరే చెప్పండి. స్కాలర్‌షిప్ చెక్కులు ఇచ్చే రోజున మానసిక వైద్యుణ్ణి పిలిపించి, తల్లులను కూడా కూర్చోబెడదాం.