మీకు తెలుసా? అంగారకుడి మీద ఓ పాత నాణెం ఉంది!

అమెరికాలో 1909లో అచ్చయిన ఒక సెంటు నాణెం ఇప్పుడు అంగారకుడి మీద ఉంది. 2012 ఆగస్టులో గేల్ బిలంలో దిగిన క్యూరియాసిటీ రోవర్‌కి దాన్ని బిగించి పంపారు. సరదాకి మాత్రమే కాదు. రాయిని ఫొటో తీసేటప్పుడు దాని సైజు తెలిసేలా పక్కన నాణెం పెట్టడం భూగర్భ శాస్త్రజ్ఞుల పాత అలవాటు. రోవర్ చేతి చివరనున్న ‘మాలీ’ కెమెరా పనితీరును సరిచూడ్డానికి ఇదీ ఒక గుర్తు. పాపం, నాణెం మీది లింకన్‌కి ఎర్రదుమ్ము బాగానే పట్టింది.

మాలీ రాయికి 2 సెంటీమీటర్ల దగ్గరదాకా వెళ్లగలదు. అక్కడ ఒక్కో పిక్సెల్‌కి దక్కేది సుమారు 14 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందం కన్నా తక్కువ. సొంత ఎల్ఈడీ దీపాలున్నాయి కాబట్టి 2013 జనవరిలో రాత్రిపూట కూడా ఒక రాయిని ఫొటో తీసింది.

అంతకుముందు, 2004లో దిగిన ఆపర్చునిటీ రోవర్‌కి ఈ హంగులేవీ లేవు. దాని మైక్రోస్కోప్ కెమెరా తీసేవి నలుపు-తెలుపు బొమ్మలే. ఫోకస్ మార్చే వీలుండేది కాదు, చేతినే ముందుకీ వెనక్కీ జరపాల్సి వచ్చేది. అయినా కొన్ని మిల్లీమీటర్ల గుండ్రటి గోళీల్ని అదే దగ్గర్నుంచి చూపించింది. ‘బ్లూబెర్రీలు’ అని ముద్దుపేరు పెట్టారు గానీ అవి హెమటైట్ అనే ఇనుప ఖనిజపు ఉండలు. ఒకప్పుడు నీటిలో తడిసిన రాళ్లలోపలే పెరిగాయి.