ఆత్మకూరులో ఇల్లు కొంటున్నారా... బయానాకు ముందు ఒక్క మాట!

‘‘రేపు పొద్దున ఇంకో పార్టీ వస్తా ఉందన్నా... ఇయ్యాలే బయానా ఇచ్చేయ్!’’

ఆత్మకూరులోనే కాదు, ఏ ఊళ్లోనైనా ఇల్లు చూడ్డానికి వెళితే మధ్యవర్తి నోట ముందుగా వచ్చే మాట ఇదే. ఆ తొందరలోనే చాలామంది జీవితకాలపు కష్టార్జితాన్ని చేజార్చుకుంటారు. అందుకే వందరూపాయలు చేతులు మారకముందే కొన్ని సందేహాలు తీర్చుకోవాలి.

అసలు ఏజెంటు ఎవరి మనిషి? చిన్న ఊళ్లలో తరచూ ఇద్దరి మనిషీ ఆయనే! కొనేవాళ్ల దగ్గరా, అమ్మేవాళ్ల దగ్గరా ఒకటో రెండో శాతం తీసుకోవడం వాడుక. ఎంతన్నది, ఎప్పుడన్నది ముందే మాట్లాడుకోండి. రిజిస్ట్రేషన్ రోజున చెల్లిస్తామంటే మంచి మధ్యవర్తి కాదనడు.

ఆయనకి లైసెన్సు ఉండాలా? కొత్త వెంచర్‌లో ప్లాటో ఫ్లాటో అయితే తప్పనిసరి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేదా ఎనిమిది యూనిట్లకు మించిన ప్రాజెక్టుల్ని రిజిస్టరు చేయించాలి. వాటిని అమ్మిపెట్టే ఏజెంటుకూ రెరా నంబరు ఉండాలి. అగ్రిమెంటు రాసి రిజిస్టరు చేయకుండా పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. కానీ పాత ఇంటి బేరానికి ఈ రక్షణ వర్తించదు. అక్కడ మీ జాగ్రత్తే మీకు దిక్కు.

ఇక కాగితాలు. అసలు కథంతా ఇక్కడే ఉంది. కనీసం 30 ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, ఈసీ అడగండి. ఈసీ ఆన్‌లైన్‌లో తీసేటప్పుడు ఇంకో తిరకాసు... నెల్లూరు జిల్లాలోనూ ఒక ఆత్మకూరు ఉంది! జిల్లా పొరపాటున ఎంచుకుంటే ‘ఏ లావాదేవీలూ లేవు’ అని వచ్చి, మీరు నిశ్చింతగా ఉండిపోగలరు. మన ఆత్మకూరు 2022 ఏప్రిల్‌ నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. పాత దస్తావేజుల్లో మాత్రం కర్నూలు జిల్లా అనే ఉంటుంది. దానికి కంగారు పడక్కర్లేదు. సర్వే నంబరు, హద్దులు, విస్తీర్ణం కలిశాయా లేదా అన్నదే ముఖ్యం. సెంటు అంటే 48.4 గజాలు. మూడు సెంట్లని చెప్పిన స్థలం టేపు పెడితే 145 గజాలకు దగ్గరగా రావాలి.

ఊరి అంచున, నల్లమల వైపు స్థలమైతే మరో అడుగు వెయ్యాలి. అది అటవీ భూమో, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమో కాదని రెవెన్యూ రికార్డులో చూడండి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద నిషేధిత జాబితాలో ఉందేమో ఆరా తీయండి. ‘‘జీపీఏ ఉంది, చాలు’’ అంటే మాత్రం వెనక్కి వచ్చేయండి. జీపీఏ అమ్మకాలతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది.

ఉమ్మడి ఆస్తయితే అన్నదమ్ములతో పాటు అక్కచెల్లెళ్ల సంతకాలూ ఉండాలి. ‘‘ఆయమ్మకి పెళ్లప్పుడే ఇచ్చేసినాం’’ అన్న మాట కోర్టులో నిలబడదు. పెళ్లికాని ఆడపిల్లలకి మన రాష్ట్రంలో 1985 నుంచీ, దేశమంతటా కూతుళ్లందరికీ 2005 నుంచీ ఉమ్మడి ఆస్తిలో హక్కుంది.

డబ్బు చేతికివ్వచ్చా? స్థిరాస్తి బేరంలో ఇరవై వేలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. చెక్కో, బ్యాంకు బదిలీయో చేస్తే రేపు గొడవ వచ్చినా సాక్ష్యం ఉంటుంది. బయానా రసీదులో మిగతా సొమ్ము గడువు, కాగితాలు తేడా వస్తే వాపసు ఇస్తామన్న షరతు రాయించండి.

స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపి ఏడున్నర శాతం. ఇరవై లక్షల ఇంటికి లక్షన్నర పక్కన పెట్టుకోవాలన్నమాట. రిజిస్ట్రేషన్ అయ్యాక ఇంటిపన్ను, కరెంటు మీటరు మీ పేరుకి మారే వరకూ మధ్యవర్తి ఫోన్ నంబరు చెరిపేయకండి. కమీషన్‌లో కొంత అప్పటిదాకా మీ దగ్గరే ఉంచుకునేలా ముందే మాట్లాడుకుంటే, ఆ పనుల కోసం ఆయనే మీకు ఫోన్ చేస్తాడు!